సోమవారం ఉత్తరం

“చేతులు తుడుచుకుని రా అమ్మాయ్, ఉత్తరం రాయాలి” అని హాల్లోంచి కేకేశారు మామగారు.

బస్సు దిగి ఇంట్లో అడుగుపెట్టి పావుగంట కూడా కాలేదు. సంచీ కుర్చీలో పడేసి, పొద్దున వదిలేసి వెళ్లిన గిన్నెల ముందు నిలబడ్డాను. మోచేతుల దాకా సబ్బు నురగ. ఒక్క ఐదు నిమిషాలు ఆగమందామనుకున్నాను గానీ మామగారికి ఆగడం అలవాటు లేదు. ముప్పైనాలుగేళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. గంట కొడితే అందరూ వరసలో నిలబడాల్సిందే. రిటైరై పదేళ్లయింది, ఆ పిల్లలంతా ఎటు వాళ్లటు వెళ్లిపోయారు, వరసలో నిలబడటానికి నేనొక్కదాన్నే మిగిలాను.

ఉత్తరమంటే నిజానికి ఉత్తరం కాదు. నేను పనిచేసే నగర గ్రంథాలయానికి ఒక బ్లాగుంది. ప్రతి సోమవారం పొద్దున అందులో కొత్త వ్యాసం వస్తుంది. మామగారు కంప్యూటర్ తెర మీద అక్షరాలు ఇంతింత చేసుకుని దాన్ని మధ్యాహ్నం దాకా చదువుతారు. సాయంత్రానికి దాని కింద తన అభిప్రాయం పెట్టాలి. దాన్నే ఆయన ఉత్తరం అంటారు. చూపు మందగించింది, కీబోర్డు మీది అక్షరాలు ఆయన కంటికి ఆనవు. అందుకని ఆయన చెబుతారు, నేను టైపు చేస్తాను.

“‘ఆర్యా’ అని మొదలుపెట్టు. దీర్ఘం మర్చిపోకు.”

మొదలుపెట్టాను.

“‘ఈ వారం తమ వ్యాసం చదివి నా కళ్లు చెమర్చాయి. చిరిగిన పుటను అతికించడం గురించి ఇంత శ్రద్ధగా రాయగలవారు ఈ రోజుల్లో అరుదు. తమవంటి పండితులు...’ ఏం, ఆగిపోయావ్?”

“ఏం లేదు మామయ్యా. వేలు జారింది.”

“నువ్వూ అక్కడే పనిచేస్తున్నావు కదా. ఆయన్ని చూసైనా కాస్త నేర్చుకోకూడదూ? ఇన్నేళ్లుగా పుస్తకాల మధ్యే తిరుగుతున్నావు, నాలుగు వాక్యాలు తిన్నగా రాసిన పాపాన పోలేదు.”

“సరే మామయ్యా” అని, పండితులు అన్న మాట పూర్తి చేశాను.

ఆ బ్లాగు రాసేది నేనే.

ఆరేళ్లుగా రాస్తున్నాను. ఎప్పుడు రాస్తావని ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను: బస్సులో రాస్తాను. పోయేటప్పుడు నలభై నిమిషాలు, వచ్చేటప్పుడు నలభై నిమిషాలు, ఫోన్‌లో, బొటనవేలితో. సీటు దొరికిన వారం వ్యాసం పెద్దగా వస్తుంది. నిలబడ్డ వారం చిన్నగా వస్తుంది. ‘తమ శైలిలోని క్లుప్తత అమోఘం’ అని ఒకసారి మామగారు రాయించారు. ఆ వారమంతా నేను పైనున్న కడ్డీ పట్టుకుని వేలాడుతూ రాశాను.

మర్నాడు ఆయన ఉత్తరానికి బస్సులోనే జవాబు రాస్తాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన ముఖం వెలిగిపోతూ ఉంటుంది. “చూశావురా, ఆయన నాకు జవాబిచ్చాడు!” అని కొడుక్కి చదివి వినిపిస్తారు. మా ఆయన నావైపు చూడకుండా “బాగుంది నాన్నా” అంటాడు. ఒకసారి ఆ జవాబుల్లోనే మామగారికీ నాకూ వాదన జరిగింది. పఠనమందిరంలో కునికిపాట్లు పడేవాళ్లని బయటికి పంపాలని మామగారు. రాత్రి డ్యూటీ చేసి ఇంట్లో పసిపిల్లల ఏడుపులో నిద్రపట్టక మా దగ్గరికొచ్చి పుస్తకం ముందు పెట్టుకుని కన్నుమూసే మనిషి ఎవరికి అడ్డమని నేను. రెండు వారాలు నడిచింది. మూడో వారం ఆయన చాలాసేపు ఆలోచించి, “రాయి. ‘తమరన్నది నిజం. నా ఆలోచన మార్చుకున్నాను’” అన్నారు. నా చేత్తో నేనే టైపు చేశాను. ఈ ఇంటికొచ్చి పద్నాలుగేళ్లు. ఉప్పు విషయంలో గానీ, ఊరి విషయంలో గానీ, నువ్వన్నది నిజం అన్న మాట ఆయన నోట నేను వినలేదు. ఆ రోజు విన్నాను, కానీ నాకు కాదు.

మరి ఎందుకు చెప్పలేదంటే, భయం. నేనే అని తెలిసిన రోజున ఆ ‘ఆర్యా’ ఆగిపోతుంది. ఆ మర్నాటి నుంచి నా వ్యాసం ఎర్ర సిరా గీతలతో వంటింటి గట్టు మీదికి వస్తుంది. వారానికోసారి, పేరు లేకుండానైనా, ఒక మనిషి నన్ను తన సాటివాడిలా చూస్తున్నాడు. దాన్ని పోగొట్టుకోవడం నాకిష్టం లేకపోయింది. సిగ్గుగా ఉంది చెప్పడానికి, కానీ అదే నిజం.

మా ఆయనకి తెలుసు. మొదట్లోనే చెప్పాను. “మంచిదే. నాన్నకి మాత్రం చెప్పకు, రోజూ ఇంట్లో ఇదే గోలవుతుంది” అన్నాడు. కొన్నాళ్లకి, ఒక ఆదివారం కాస్త పని అందుకోండి, వ్యాసం పూర్తి కాలేదు అంటే, “అది నీ ఉద్యోగంలో పనేగా, ఆఫీసులో చేసుకో” అన్నాడు. ఆఫీసులో వారానికి ఒక గంట ఇప్పించమని మా పెద్దసారుని అడిగితే, “అది మీ సరదా కదమ్మా, దానికి డ్యూటీ టైమెలా ఇస్తాం?” అన్నారు. ఇంట్లో అది ఉద్యోగం, ఉద్యోగంలో అది సరదా. రెండు చోట్లా నాకు మిగిలింది బస్సే.

పెద్దసారంటే మా ముఖ్య గ్రంథపాలకుడు. చెడ్డవాడని అనలేను. సెలవడిగితే ఇస్తారు, గొంతు పెంచరు. బ్లాగు మొదలుపెట్టిన రోజున, “మనుషుల పేర్లు వద్దమ్మా. సంస్థ మాట్లాడుతున్నట్టుండాలి” అన్నారు. నాకూ సబబుగానే తోచింది. నేను ఎప్పుడూ ‘గ్రంథాలయం’ అనే సంతకం చేశాను. నాలుగో ఏడు బ్లాగుకి చదివేవాళ్లు పెరిగాక, పక్కన ఒక మూల ఆయన ఫొటో వెలిసింది. కింద ఏమీ రాయలేదు. ఫొటో ఉంటే చాలు, మిగతాది చూసేవాళ్లే అనుకుంటారు.

ఈ ఏడు గ్రంథాలయ సంఘం ఉత్తమ బ్లాగుకి పురస్కారం పెట్టింది. మాకే వచ్చింది. ఆ కబురు చెప్పడానికి పెద్దసారు తన గదిలోంచి లేచి నా బల్ల దాకా వచ్చారు. “మనకొచ్చిందమ్మా!” అన్నారు. “ఎంపికచేసిన వాళ్లకి ఆ దాచిన పుస్తకాల వ్యాసం తెగ నచ్చిందట. సంఘం వాళ్లే అరవై వ్యాసాలు ఏరి పుస్తకం వేస్తారట.” ఒక్క క్షణం ఆగి, “నేను మాట్లాడటానికి ఒక పేజీ రాసిపెట్టండి. మీ చెయ్యి బాగుంటుంది” అన్నారు.

దాచిన పుస్తకాల వ్యాసం సంగతి చెప్పాలి. మా గ్రంథాలయానికి రోజూ ఒకావిడ వస్తుంది. చేతిలో కూరగాయల సంచీ. ఇంటికి ఏ పుస్తకమూ తీసుకెళ్లదు, తీసుకెళ్తే ఇంట్లో ఎందుకొచ్చిన చదువని దెప్పుతారట. ఇక్కడే ఇరవై పేజీలు చదివి, వెళ్తూ వెళ్తూ ఆ నవలని పన్ను చట్టాల పుస్తకాల వెనక దాచిపెడుతుంది. ఆ అర జోలికి ఎవరూ పోరని ఆవిడ నమ్మకం. తప్పు అరలో ఉన్న పుస్తకం మా లెక్కలో పోయిన పుస్తకమే, వెంటనే తీసి దాని చోట పెట్టాలి. నేను పెట్టను. చూసి, సర్దినట్టు నటించి, అక్కడే వదిలేస్తాను. ఆవిడ ఎవరో చదివేవాళ్లకి తెలియకుండా అదే రాశాను. అది చదివి పెద్దసారు, “నిబంధనలు మనమే తప్పుతున్నామని మనమే చాటుకోవడమేంటమ్మా?” అని నాకు లిఖితంగా సంజాయిషీ నోటీసిచ్చారు. ఆ కాగితం ఇంకా నా సొరుగులో ఉంది. ఇప్పుడు అదే వ్యాసానికి ఆయన కృతజ్ఞతలు చెప్పబోతున్నారు, ఆ కృతజ్ఞతలు నేను రాయబోతున్నాను.

రాశాను. బస్సులోనే. చివర్లో ‘ఈ వ్యాసాల వెనక కౌంటర్ దగ్గర కూర్చునే ఒక ఉద్యోగిని చెయ్యి ఉంది’ అని ఒక వాక్యం పెట్టాను. పేరు పెట్టే ధైర్యం లేక చెయ్యి అని పెట్టాను. పెద్దసారు చదివి, “బాగుంది, కాస్త నిడివెక్కువైంది” అని ఆ ఒక్క వాక్యం కొట్టేసి ఇచ్చారు.

సభ ఆదివారం పొద్దున, మా పఠనమందిరంలోనే. మామగారు తెల్లారకముందే లేచి గడ్డం గీసుకున్నారు. ఆయన్ని నేను ఇస్త్రీ చేసిన చొక్కాలో అంత హుషారుగా చూసి చాలా ఏళ్లయింది. “ఆయన్ని కళ్లారా చూడాలిరా” అంటూ కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చి రెండో వరసలో కూర్చున్నారు. నాకు నీళ్ల సీసాల బాధ్యత అప్పగించారు. పళ్లెం పట్టుకుని పక్కన నిలబడి, పన్ను చట్టాల అర సంగతితో సహా నా వాక్యాలు పెద్దసారు గొంతులో విన్నాను. విరామాలు ఉండాల్సిన చోట కాక వేరే చోట పడ్డాయి. అయినా అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కోపం రాలేదు, కాళ్లు లాగుతున్నాయి, ఎప్పుడు అయిపోతుందా అనుకున్నాను.

సభ ముగిశాక మామగారు వేదిక దగ్గరికెళ్లి పెద్దసారు రెండు చేతులూ పట్టుకున్నారు. “ప్రతి సోమవారం తమకి ఉత్తరం రాసే పాత పాఠకుణ్ణి నేనే” అన్నారు. పెద్దసారు ఆ ఉత్తరాల మొహం కూడా చూసి ఉండరు. “ఓ, మీరా! చాలా సంతోషం” అన్నారు. అప్పుడు మామగారు చుట్టూ చూసి, పళ్లెంతో ఉన్న నన్ను దగ్గరికి పిలిచారు. “ఇది మా కోడలు. తమ దగ్గరే పని. మంచి పిల్ల, రాత మాత్రం అబ్బలేదు. తమరు కాస్త నేర్పండి.”

పెద్దసారు నా కళ్లలోకి చూడలేదు. పళ్లెంలోంచి ఒక సీసా తీసుకుని, “తప్పకుండా మాస్టారూ. ఆవిడ చాలా కష్టపడతారు” అన్నారు. మా ఆయన అప్పుడే ఫోన్ వచ్చినట్టు పక్కకి వెళ్లాడు. ఫోన్ మోగడం మాత్రం నేను వినలేదు.

అందరూ వెళ్లిపోయాక కుర్చీలు మడుస్తున్నాను. చివరి వరసలో కూరగాయల సంచీ ఆవిడ ఇంకా కూర్చునే ఉంది. ఆవిడ సభలకి వచ్చే మనిషి కాదు. లేచి నా దగ్గరికొచ్చి, చుట్టూ చూసి, మెల్లిగా అడిగింది.

“ఒక మాట అడగనా అండీ? ఆ పన్నుల పుస్తకాల వెనక సంగతి ఆయనకెలా తెలుసు? నేను పెడుతుంటే చూసింది మీరొక్కరేగా.”

ఆవిడ నా చేతుల్లోని కుర్చీని చూసింది, వేదిక వైపు చూసింది, మళ్లీ నన్ను చూసింది. “మరి మీరేంటి, నీళ్లందిస్తున్నారు?” అంది.

ఎగతాళి లేదు, జాలి లేదు, ఉన్న విషయం అడిగింది. ఆవిడ కుర్చీ రెండో వైపు పట్టుకుంది, ఇద్దరం కలిసి మిగతావి మడిచాం. ఇంటికెళ్లి వంట మొదలుపెట్టాను. మామగారికి కంట్లో మందు వేశాను. ఆవిడ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

రెండు నెలలకి పుస్తకం అచ్చై వచ్చింది. అట్ట మీద పెద్దసారు పేరు, లోపల మొదటి పేజీ, అంటే ముఖపత్రం మీదా ఆయన పేరే. కొత్త పుస్తకాల కట్టలో పెట్టి నా బల్ల మీదికి పంపారు, ఎందుకంటే నా అసలు పని కేటలాగు. వచ్చిన ప్రతి పుస్తకానికీ నమోదు రాయాలి: ఎవరు రాశారు, దేని గురించి, ఏ అరలో నిలబడాలి. తర్వాత వెన్ను మీద తెల్ల చీటీ అంటించాలి. చీటీ మీద విషయం నంబరు, దాని కింద రాసినవారి పేరులోని మొదటి మూడక్షరాలు. ఆ అక్షరాల వరసలోనే పుస్తకం అరలో నిలబడుతుంది.

ఈ పనికి ఒక నియమం ఉంది. ముఖపత్రం మీద ఎవరి పేరున్నా, అసలు రాసింది ఎవరో ఆధారంతో తెలిస్తే వాళ్ల పేరే నమోదు చేయాలి. ముఖపత్రం సంగతి కింద గమనికలో చెప్పాలి. తొమ్మిదేళ్ల కింద ఒక పాత పుస్తకం దొరికింది, పసిపిల్లల పోషణ మీద, ఒక పేరున్న డాక్టరు పేరుతో. భాష చూస్తే ఎవరో పగలూ రాత్రీ పిల్లల్ని ఎత్తుకుని తిరిగినవాళ్లు రాసినట్టుంది. అచ్చువాళ్ల పాత ఉత్తరాలు రెండు నెలలు వెతికి, అది ఆ ఆసుపత్రి నర్సు రాసిందని తేల్చాను. నమోదు మార్చాను. అప్పుడు పెద్దసారు అందరినీ పిలిచి, “పనంటే ఇలా ఉండాలి” అని చూపించారు.

ముక్కూమొహం తెలియని నర్సు కోసం రెండు నెలలు తిరిగానే, ఇక్కడ వెతకాల్సిన పనే లేదు కదా అనుకున్నాను. చాలాసేపు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత రచయిత అన్న గడిలో నా పేరు రాశాను, పూర్తిగా, పుట్టింటి పేరుతో సహా. గమనికలో ఇలా రాశాను: ‘ముఖపత్రం మీద ముఖ్య గ్రంథపాలకుని పేరు ఉంది. ఆధారం: రచయిత్రి ఫోన్‌లోని చిత్తుప్రతులు, దాచిన పుస్తకాల వ్యాసానికి రచయిత్రికి కార్యాలయం ఇచ్చిన సంజాయిషీ నోటీసు.’

శనివారం నమోదు కాగితాలన్నీ పెద్దసారు బల్ల మీద పెట్టాను. దాచలేదు, అడుక్కి తొయ్యలేదు, వరసలో ఎక్కడ రావాలో అక్కడే ఉంచాను. ఆయన ఫోన్‌లో మాట్లాడుతూ ఒక్కో కాగితం తిప్పి సంతకాలు చేశారు. పదహారేళ్లుగా అలాగే చేస్తున్నారు. ఆ కాగితం మీదా చేశారు. సాయంత్రానికి నమోదు నగరంలోని శాఖలన్నిటికీ వెళ్లిపోయింది. ఎప్పుడో ఒకప్పుడు చూస్తారు, పిలుస్తారు. అప్పుడు పనికొస్తుందని నోటీసుని సొరుగులోంచి తీసి సంచీలో పెట్టుకున్నాను.

సోమవారం ఆ పుస్తకాన్ని మామగారి సభ్యత్వ కార్డు మీద రాయించి ఇంటికి తెచ్చాను. సభ రోజు నుంచీ, “ఆయన పుస్తకం వస్తే మొదటి ప్రతి నాకే తేవాలి” అని ప్రాణం తీస్తున్నారు. ఆయన చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లాను. గిన్నెలు అలాగే ఉన్నాయి. కుళాయి తిప్పాను.

హాల్లో ఆయన భూతద్దం పెట్టి అట్ట మీది నుంచి మొదలుపెట్టి ఉంటారు, ఏదీ వదలరు. తర్వాత గొంతు వినిపించింది.

“ఇదేంటమ్మాయ్, వెన్ను మీద అక్షరాలు తప్పు పడ్డాయి! ఆయన పేరు వీటితో మొదలవదే. ఎవరతికించారు ఈ చీటీ?”

“నేనే మామయ్యా.”

“నీకేం పోయేకాలం? అంతటి మనిషి పుస్తకం మీద తప్పా? ఆయన ఏమనుకుంటాడు? ముందు చేతులు తుడుచుకుని రా, ఉత్తరం రాయాలి. క్షమించమని అడుగుదాం. ‘ఆర్యా’ అని మొదలుపెట్టు.”

కుళాయి కట్టేశాను. చేతులు తుడుచుకున్నాను. హాల్లోకి వచ్చి చూస్తే, మా ఆయన పేపరు మడిచి పట్టుకుని లేచి నిలబడి ఉన్నాడు, వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. మామగారు నా కోసం కుర్చీ లాగి ఉంచారు. నేను అందులో కూర్చోలేదు. కీబోర్డు ఎత్తి, మెల్లిగా ఆయన ఒళ్లో పెట్టాను. భూతద్దం తీసి ఆయన చేతికిచ్చాను.

“ఈ ఉత్తరం మీరే రాయండి మామయ్యా” అన్నాను. “ఆరేళ్లుగా నాకొచ్చే ఉత్తరాలు నేనే రాసుకుంటున్నాను. అలిసిపోయాను.”